వేడెక్కితే ఇనుము మాట్లాడుతుంది

మల్లేశం మూడోసారి కూడా అదే మాట అన్నాడు.

"బిళ్ళ నేను తీస్కున్న సార్. కొక్కేనికి తగిలిచ్చిన. పేరు రాసిన, టైం రాసిన. పది యాభై రెండు. నా బిడ్డ మీద ఒట్టు."

"మరి ఆ బిళ్ళ చచ్చిపోయిన మనిషి పట్టీకి ఎలా వచ్చింది?"

"గదే సార్ నాకు సమజైతలేదు."

డిటెక్టివ్ మల్లికార్జున చేతి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా ఇరవై. నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, మల్లేశాన్ని జీపెక్కిస్తాడు. మనిషి ప్రాణం తీసిన నిర్లక్ష్యం అని కేసు. ఊళ్ళో భార్య, ఆరేళ్ళ కూతురు. కరీంనగర్ నుంచి ఫరీదాబాద్ దాకా వచ్చి, చదువు పెద్దగా లేకపోయినా బుద్ధిగా పని నేర్చుకున్న మనిషి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నిన్న జరిగిందంతా వచ్చి అతని నెత్తిన పడింది.

నిన్న జరిగిందేమిటంటే, ఈ ఫ్యాక్టరీలో ఓడల మీద మంటలార్పే సామాను చేస్తారు. పొగలోకి దూరేవాళ్ళు వీపున కట్టుకునే గాలి సిలిండర్లు, మాస్కులు వగైరా. కొనేవాళ్ళకి చూపించడానికి వెనక షెడ్డులో, ఓడ అడుగున ఉండే గదిలాంటిదే ఒక ఇనపగది కట్టారు. లోపల డీజిల్ పోసి అంటిస్తారు. ముగ్గురు మనుషులు సిలిండర్లు కట్టుకుని వెళ్ళి మంటతో కాసేపు కుస్తీ పట్టి బయటికొచ్చేస్తారు. అప్పుడు తలుపు బిగించి గ్యాసు వదులుతారు. ఆ గ్యాసుకి మంట చస్తుంది. లోపల మనిషి మిగిలితే, సిలిండర్లో గాలి అయిపోయిన మరుక్షణం ఆ మనిషీ చస్తాడు. నిన్న నేవీ కొనుగోలు అధికారులు కుర్చీలేసుకుని చూస్తుండగా మిగిలిపోయినవాడు సీతారామయ్య. రిటైరైన చీఫ్ పెట్టీ ఆఫీసరు, ఇక్కడ శిక్షకుడు. శిక్షకుడు అందరికంటే చివర బయటికి రావాలి. రాలేదు.

లోపలికెళ్ళే ప్రతి మనిషీ తన సిలిండరు సెట్టుకుండే చిన్న బిళ్ళని తలుపు దగ్గర బోర్డు మనిషికి ఇచ్చి వెళ్ళాలి. ఇంగ్లీషులో ట్యాలీ అంటారు, తెలుగు నావికులందరికీ అది బిళ్ళే. బోర్డు మీద బిళ్ళ ఉంటే మనిషి లోపలున్నట్టు. బయటికొచ్చినవాడు తన బిళ్ళ తనే తీసుకుని సెట్టు పట్టీకి తగిలించుకుంటాడు, బోర్డు మనిషి అతని పేరు, టైము రాసుకున్న గీత తుడిచేస్తాడు. బోర్డు ఖాళీ అయితేనే గ్యాసు. నిన్న బోర్డు మనిషి మల్లేశం. ఇంతకంటే తేలికైన పద్ధతి లోకంలో లేదు. తప్పు చెయ్యడం ఇంతకంటే తేలికైన చోటూ లేదని మల్లికార్జునకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

"బోర్డు దగ్గర్నుంచి కదిలావా?"

"లేదు సార్."

చెప్పాడు గానీ చూపు నేలమీదికి జారింది. ఆ చూపు మల్లికార్జునకి చుట్టరికం ఉన్నదే. పదేళ్ళుగా పొద్దున్నే గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో దాన్నే చూస్తున్నాడు.

"సరే, ఇక్కడే కూర్చో. మళ్ళీ వస్తాను."

* * *

షెడ్డులో ఇంకా డీజిల్ మసివాసన. ఇనపగది తలుపు చుట్టూ ఎనిమిది గడియలు, అన్నీ బయటివైపే. ఓడ మీదైతే గడియలు రెండువైపులా తిరుగుతాయి. ఇక్కడ పిసినారితనం చేసి లోపలి పిడులు మానేశారు. మల్లికార్జున తలుపు లోపలివైపు టార్చి కొట్టాడు. మసి మీద, సరిగ్గా మనిషి మోకాళ్ళ మీద కూలబడితే పిడికిలి అందే ఎత్తులో, నాలుగైదు చోట్ల రంగు లేచి ఇనుము బయటపడింది. సిలిండరు మొనతో కొట్టిన దెబ్బలు.

టైములు ఒకసారి మనసులో వేసుకున్నాడు. లోపలికి పది యాభై రెండు. మిగతా ఇద్దరూ బయటికి పదకొండూ ఎనిమిది. గ్యాసు పదకొండూ పధ్నాలుగు. సిలిండర్లో గాలి అరగంటకే, అంటే పదకొండూ ఇరవై రెండుకి ఆఖరు. తలుపు తీసింది పదకొండూ నలభై. ఎనిమిది నిమిషాలు సీతారామయ్య ఈ తలుపు వెనక ప్రాణంతో ఉన్నాడు, తెలివితో ఉన్నాడు, కొట్టాడు.

మల్లికార్జున టార్చి ఆర్పేశాడు. 

శవం మీంచి తీసిన సెట్టు బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉంది. కానిస్టేబులు చూస్తుండగా సంచిలోంచే పట్టీని అటూ ఇటూ తిప్పాడు. పట్టీ మొత్తం నల్లగా మసి. దానికి వేలాడుతున్న పసుపుపచ్చ బిళ్ళ మాత్రం పెళ్ళికూతురి గోరులా శుభ్రంగా ఉంది. బిళ్ళని వేలితో పక్కకి జరిపాడు. దాని వెనక పట్టీ కూడా నలుపే.

గోడ మీద క్యాలెండరు తీస్తే దాని కింద గోడ తెల్లగా ఉండాలి కదా. మంట మండుతున్నంతసేపూ బిళ్ళ ఇక్కడే ఉండి ఉంటే, దాని వెనక పట్టీ శుభ్రంగా ఉండాలి. లేదు. అంటే మసి పట్టిన తర్వాత, మనిషి చచ్చిన తర్వాత, ఎవరో ఈ బిళ్ళని తెచ్చి తగిలించారు. 'ఈ మనిషి బిళ్ళ ఇవ్వడమే మరిచిపోయాడు' అని లోకం అనుకోవడానికి. చచ్చినవాడు ఎలాగూ కాదనడు.

మల్లికార్జున తేలుకుట్టిన దొంగలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అలాంటి పట్టీని పట్టుకోవడం అతనికి ఇది రెండోసారి.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు. బంగాళాఖాతంలో ఓడ. కింద జనరేటర్ల గదిలో మంట. బోర్డు మనిషి పెట్టీ ఆఫీసర్ మల్లికార్జున. పైనుంచి 'త్వరగా, త్వరగా' అని కేకలు. బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలుంది, అతను చూడకుండానే 'ఖాళీ' అని అరిచాడు. గ్యాసు వదిలారు. తలుపు తీశాక మొదట లోపలికి వెళ్ళింది తనే. తోటి నావికుడు అప్పలనరసయ్య తలుపు పక్కనే, వేడికి బిగుసుకుపోయిన లోపలి పిడి కింద పడున్నాడు. మల్లికార్జున జేబులో అప్పటికే బోర్డు మీంచి తీసిన బిళ్ళ ఉంది. దాన్ని అప్పలనరసయ్య పట్టీకి తగిలించాడు. అంతే. అర నిమిషం పని.

విచారణలో 'మృతుడు నిబంధన ప్రకారం బిళ్ళ ఇవ్వలేదు' అని తేల్చారు. ఆ కాగితం పట్టుకుని శ్రీకాకుళం వైపు పల్లెకి వెళ్ళిందీ మల్లికార్జునే. జట్టుకి పెద్దవాడు కదా, మర్యాద! అప్పలనరసయ్య భార్య జానకమ్మ ఏడవలేదు. అతని మొహంలోకి చూసి అడిగింది. "ఆయన బిళ్ళ ఇవ్వడం మరిసిపోనాడా బాబూ? తాళంకప్ప ఏస్తే రెండుసార్లు లాగి సూసుకునే మనిషి."

మల్లికార్జున నేవీ వదిలేశాడు, ఢిల్లీ బేర్ సరాయ్‌లో పుస్తకాల షాపు మేడ మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళ దొంగతనాలన్నీ పట్టుకున్నాడు. తనది మాత్రం కడుపులో దాచుకున్నాడు. ఛీ, ఏం బతుకు!

"ఆ పట్టీలో ఏముంది అంత చూడ్డానికి?"

వెనకనుంచి గంభీరమైన గొంతు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో తోలుసంచి. కమాండర్ సదాశివరావు, రిటైర్డ్. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన సర్వేయరు. నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ చేతికి వెళ్ళేది ఈయన రిపోర్టే. ప్రైవేటు డిటెక్టివ్‌లంటే ఈయనకి వంటింట్లో బొద్దింకలతో సమానం.

"బిళ్ళ తర్వాత తగిలించారు సార్," అన్నాడు మల్లికార్జున. "వెనక మసి చూడండి."

సదాశివరావు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. 

"శవాన్ని నలుగురు మోశారు. పట్టీలు రాసుకున్నాయి, మసి అంటుకుంది. బిళ్ళ ఊడితే ఎవరో తుడిచి మళ్ళీ తగిలించి ఉంటారు. నువ్వు చెప్పేది వేరు. బోర్డు మీంచి బిళ్ళ దొంగిలించి శవానికి కట్టారంటున్నావ్. అవునా?"

"అవును సార్."

"మిస్టర్, ఇరవై రెండేళ్ళు సర్వీసు చేశాను. తొమ్మిది అగ్నిప్రమాదాలు విచారించాను. తోటి నావికుడి శవానికి బిళ్ళ కట్టి, తప్పు వాడి మీద తోసిన మనిషిని నేను చూడలేదు. నావికుడెవడూ ఆ పని చెయ్యడు. అలాంటిది ఒక్క కేసు చూపించు, ఒక్కటి, నా రిపోర్టు ఇక్కడే చింపేస్తాను."

మల్లికార్జున చూపు ఆయన బూట్ల మీదికి దిగింది.

సదాశివరావు అతన్ని పరకాయించి చూశాడు. "నిన్నెక్కడో చూశాను. ఆగు ఆగు. ఎనభై ఆరు, జనరేటర్ రూమ్ ఫైర్. బోర్డు మీదున్న పెట్టీ ఆఫీసరువి నువ్వే కదూ?"

"...అవును సార్."

"నీ సాక్ష్యం మీదే ఆ రిపోర్టు రాశాను. మంచి సాక్షివి. ఎక్కడా తడుముకోలేదు." ఆయన నిజంగా మెచ్చుకుంటున్నాడు. "అలాంటివాడివి, ఇప్పుడిలా గాలి కబుర్లు చెప్తున్నావేమిటయ్యా?"

చెప్పుతో కొట్టినా మల్లికార్జున అంత కుంచించుకుపోయేవాడు కాదు. గడియారం రెండూ ఐదు చూపిస్తోంది. బయటికి నడిచాడు.

* * *

మల్లేశం పెట్టినచోటే కూర్చుని ఉన్నాడు. ఎవరో తెచ్చిచ్చిన రొట్టెలు పొట్లంలోనే ఉన్నాయి.

మల్లికార్జున స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి నోట్‌బుక్కు తియ్యలేదు.

"మల్లేశం, నేనూ ఒకప్పుడు బోర్డు మనిషినే. బోర్డు దగ్గర తప్పు చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, తిన్న అన్నం ఒంటబట్టదు. నువ్వు కదిలావు. ఎందుకు కదిలావో చెప్పు."

మల్లేశం భుజం మీది తువ్వాలుతో మొహం మూసుకున్నాడు.

"కుర్సీలు తక్కువైనయ్ సార్. సుధీర్ సారు కేకేసిండు, 'మల్లేశం, దో కుర్సీ లావ్' అని. బోర్డు ఇడిసిపెట్టి పోవద్దని సీతారామయ్య సారు నాకు దినాం చెప్పేటోడు. 'అగ్గి నీ మీదికొచ్చినా జరగకురా' అనేటోడు. పెద్ద సారు పిలిసిండని పోయిన. రెండు కుర్సీల కోసం పోయిన సార్! పోలీసోల్లకు చెప్పలే. సిగ్గయింది."

సుధీర్ అంటే ఈ ట్రైనింగ్ షెడ్డుకి సూపర్‌వైజరు. నిన్న సాయంత్రం మల్లికార్జునకి ఫోన్ చేసి పిలిపించింది అతనే.

"ఎప్పుడు పోయావ్, ఎప్పుడొచ్చావ్?"

"ఇద్దరు బయటికొచ్చి బిళ్ళలు తీస్కొని చేతులు కడుక్కోను పోయిన్రు. గప్పుడు పోయిన. పదకొండు తొమ్మిది అయితుండె. పదకొండు పన్నెండుకు మల్ల ఒచ్చిన. ఒచ్చి చూస్తే బోర్డు సాఫు. గీత గూడ తుడిసి ఉంది, తలుపు గూడ బిగిచ్చి ఉంది. సీతారామయ్య సారు ఎల్లిపోయిండనుకున్న. సుధీర్ సారు అందరికి ఇనబడేటట్టు 'బోర్డ్ ఖాలీ?' అని అడిగిండు. ఖాలీయే ఉండె గద సార్. 'ఖాలీ సాబ్' అన్న."

"ఆ పొద్దున వాళ్ళిద్దరికీ ఏమైనా గొడవయిందా?"

"పెద్ద లొల్లి అయింది. 'ఇరవై సెట్లల్ల ఏడు గాలి లీకు, గివి ఓడెక్కితే మనుషులు సస్తరు, నేను సంతకం పెట్ట, వచ్చినోళ్ళకు నేనే చెప్త' అన్నడు సీతారామయ్య సారు. సుధీర్ సారు చాయ్ గ్లాసు ఇసిరికొట్టిండు."

మల్లికార్జున ఒక్కొక్క టైమునీ పక్కపక్కన పెట్టుకుంటున్నాడు. "గ్యాసు వదిలాక ఏమైనా వినబడిందా?"

మల్లేశం తువ్వాలు దించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇనబడ్డది సార్. టక్, టక్, టక్ అని. నేను పోయి సుధీర్ సారుకు చెప్పిన, లోపట ఎవరో కొడుతున్నరు సార్ అని. సారు నవ్విండు. 'వేడెక్కితే ఇనుము మాట్లాడుతుందిలేరా' అన్నడు."

మల్లికార్జున స్టూలు మీంచి లేచాడు.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ శిక్షణలోనూ చెప్పరు. ఆ మాట తనది. పదేళ్ళ క్రితం బోర్డు పక్కన నిలబడ్డ పంతొమ్మిదేళ్ళ కుర్ర నావికుడు 'గురూగారూ, లోపల ఎవరో కొడుతున్నారండీ' అని బిక్కమొహంతో అడిగితే, తలుపు తీయమని అరవాల్సిందిపోయి తను అన్న మాట అది. మూడు దెబ్బలు. తనకీ వినబడ్డాయి. తలుపు తీస్తే 'ఖాళీ' అన్న కేక అబద్ధమని తేలిపోతుంది. అందుకని వేడికి ఇనుము మాట్లాడుతోందని వాడికి చెప్పాడు, తనకీ చెప్పుకున్నాడు.

ఆ కుర్ర నావికుడి పేరు సుధీర్.

* * *

మూడూ ఐదు. సుధీర్ గదిలో టీ తెప్పించాడు. భీమిలి మనిషి, నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. ఏటా దీపావళికి మిఠాయి డబ్బా పట్టుకుని బేర్ సరాయ్ మేడ మెట్లెక్కి వచ్చే మనిషి.

"రిపోర్టు అయిపోయిందా గురూగారూ? హెడ్డాఫీసువాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు."

"ఢిల్లీలో ఇన్ని ఏజెన్సీలుండగా నన్నెందుకు పిలిచావురా?"

"అరె! హెడ్డాఫీసు ఎలాగూ ఎవడో ఒకణ్ణి పంపుతుంది. మీరైతే మన మనిషి, నేవీ సంగతులు తెలిసిన మనిషి..."

"పట్టీ చూశాను."

సుధీర్ లేచి వెళ్ళి తలుపు మూశాడు. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు నవ్వు లేదు గానీ భయమూ లేదు.

"నేనూ చూశాను గురూగారూ. ఎనభై ఆరులో. మీ వెనకే లోపలికొచ్చాను, మీరు చూసుకోలేదు. మీరు జేబులోంచి బిళ్ళ తీశారు, ఆయనకి కట్టారు. ఈ పదేళ్ళలో ఒక్కరికి చెప్పానా? నా పెళ్ళానికి కూడా చెప్పలేదు."

టీ గ్లాసు మీద మీగడ కట్టింది.

"నిన్న నాకూ అదే అయిపోయింది," సుధీర్ గొంతు తగ్గించాడు. "తొందరలో పొరపాటు. తలుపు తీసేసరికి పెద్దాయన పడున్నాడు. బుర్ర పనిచెయ్యలేదు. బోర్డు మీద బిళ్ళ ఉంది, తీశాను, కట్టేశాను. భయం గురూగారూ. ఆ క్షణంలో భయం ఎలాగుంటుందో మీకు నేను చెప్పాలా?"

నిజం చెప్పాలంటే, మల్లికార్జున ఆ మాటని నమ్మాలనుకున్నాడు. ఆశపడ్డాడు. వీడిది భయమే అయితే తనదీ భయమే. వీణ్ణి క్షమిస్తే, ఆ క్షమాపణలో కాస్త తన వాటాకీ వస్తుంది. మనిషి సిగ్గుతో కుళ్ళిపోయినప్పుడు ఎంత నీచమైన ఆశకైనా చెయ్యి చాస్తాడు. పోనీ, రేపో మాపో మల్లేశానికి మంచి లాయర్ని పెట్టించొచ్చు, అది కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బిళ్ళ ఎప్పుడు తీశావన్నావ్?"

"తలుపు తీసేముందు. పదకొండున్నర దాటాక."

"బోర్డు మీంచా?"

"బోర్డు మీంచే."

"బోర్డు పదకొండూ పన్నెండుకే ఖాళీరా. మల్లేశం కుర్చీలు మోసుకొచ్చేసరికి గీత కూడా తుడిచేసి ఉంది. అప్పటికి నువ్వింకా గ్యాసు వదల్లేదు."

సుధీర్ కళ్ళు ఒక్కసారి తలుపు వైపు పోయి వచ్చాయి.

"నేను మనిషి పోయాక తీశాను," అన్నాడు మల్లికార్జున. "నువ్వు మనిషి ఉండగానే తీశావ్. నాది పిరికితనం. నీది హత్య."

"అచ్ఛా." సుధీర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే రాయండి. ఎవరు నమ్ముతారో చూద్దాం. కమాండర్ మొదటి ప్రశ్న ఏమడుగుతాడు? ఇలాంటి పని చెయ్యొచ్చని నీకెలా తెలుసు అంటాడు. వీడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అంటాడు. ఏం చెప్తారు? ఢిల్లీలో ఎన్ని ఏజెన్సీలున్నా మిమ్మల్నే ఎందుకు పిలిచాననుకున్నారు? పట్టీ వెనక చూడగలిగినవాడు మీరొక్కరే. చూసి నోరు విప్పలేనివాడూ మీరొక్కరే. టీ తాగండి, చల్లారిపోతోంది."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగ పట్టుకునేవాణ్ణి తనే ఎంచుకున్నాడు.

మల్లికార్జున లేచాడు. టీ ముట్టుకోలేదు.

* * *

మూడూ ఇరవై. సదాశివరావు రిపోర్టు మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీస్తున్నాడు.

"ఒక్క కేసు చూపించమన్నారు సార్."

"ఏ ఓడ?"

"మీరు విచారించినదే. ఎనభై ఆరు. బిళ్ళ కట్టింది నేను."

పెన్ను గాల్లోనే ఆగింది. మల్లికార్జున నిలబడే చెప్పాడు. చూడకుండా 'ఖాళీ' అని అరిచింది, జేబులో బిళ్ళ, అర నిమిషం పని, వెనక నిలబడి చూసిన సుధీర్. తర్వాత నిన్నటి టైములు, కుర్చీలు, ఏడు లీకు సెట్లు, పదకొండూ పన్నెండుకే తుడిచేసి ఉన్న గీత. చెప్తున్నంతసేపూ ఆయన మొహం చూడలేకపోయాడు. చొక్కా రెండో గుండీనే చూస్తూ చెప్పాడు.

సదాశివరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన తిడతాడనుకున్నాడు మల్లికార్జున. తిడితే బాగుండేది.

"ఆ విచారణ కాగితం మీద నా సంతకం ఉంది," అన్నాడాయన చివరికి, మెల్లగా. "చచ్చినవాడిది తప్పు అని నా చేత్తో రాశాను. పట్టీ తిప్పి చూడాలని నాకు ఆనాడు తోచలేదు. సాక్షి తడుముకోలేదు కదా, చాలనుకున్నాను." రిపోర్టు కాగితాల్ని నిలువునా చింపి, తెల్లకాగితం ముందుకు తోశాడు. "కూర్చో. రాయి. నీ పేరుతో మొదలుపెట్టు."

మల్లికార్జున రాశాడు. పదేళ్ళు మింగుకున్నది ఒకటిన్నర పేజీకే అయిపోయింది. గ్యాసు వదిలిన చోటినుంచి తలుపు తీసిన చోటికి వచ్చేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది. ఆ మూడు దెబ్బలు అక్కడ రాయాలి. చెయ్యి కదల్లేదు. బిళ్ళ సంగతి చాలు, అది చాలు, అనుకుని తర్వాతి వాక్యానికి దూకేశాడు. కింద సంతకం పెట్టాడు.

సదాశివరావు చదివి మడిచాడు. "ఆయన భార్య ఉందా?"

"ఉంది సార్. జానకమ్మ."

"ఫోను?"

"పక్కింటివాళ్ళది." ఆ నెంబరు పదేళ్ళుగా పర్సులో ఉంది, కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. ఒక్కసారి కూడా తిప్పలేదు.

"నాలుగింటికి ఇది ఇన్‌స్పెక్టర్‌కి ఇస్తాను. సుధీర్‌ని గేటు దాటనివ్వద్దని వాచ్‌మన్లకి ఇప్పుడే చెప్తాను. ఈలోగా ఆవిడకి నువ్వు చెప్పు. పోలీసుల నోట వినకూడదు ఆవిడ."

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. గదిలో ఫోను, మల్లికార్జున, ఇద్దరే మిగిలారు.

ఎస్టీడీ నాలుగో ప్రయత్నానికి కలిసింది. పక్కింటి పిల్ల ఎవరో 'ఉండండి, పిలుస్తాను' అని పరిగెత్తింది. కిటికీలోంచి మల్లేశం కనిపిస్తున్నాడు. కానిస్టేబులు ఏదో చెప్తుంటే అర్థంకాక అతనివైపే చూస్తున్నాడు. అతని చేతిలో రొట్టెల పొట్లం ఇంకా విప్పలేదు.

"అలో, ఎవరు బాబూ?"

అదే గొంతు. కాస్త ముసలిదైంది.

"అమ్మా, నేను మల్లికార్జునని. ఓడ మీద... ఆ కాగితం తెచ్చినవాణ్ణి."

"ఆ, గుర్తుంది బాబూ."

"మీ ఆయన బిళ్ళ మరిచిపోలేదమ్మా. నా చేతికే ఇచ్చాడు. మరిచిపోయింది నేను. నేనే అబద్ధం చెప్పాను."

అవతల ఎక్కడో కోడి కూసింది, ఎవరో బిందె దించారు. లైను తెగిపోతే బాగుండుననుకున్నాడు.

"నాను సెప్తానే ఉన్నాను ఊరందరికీ," అంది జానకమ్మ. "ఆయన మరిసిపోయే మనిషి కాడని. నవ్వీవోరు." తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "మరైతే బాబూ, లోపలుండిపోనాడు కదా... తలుపు కొట్టలేదా ఆయన?"

మల్లికార్జున రిసీవర్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. వేడెక్కితే ఇనుము మాట్లాడుతుందమ్మా అన్న మాట, పదేళ్ళ అలవాటు మీద, నాలుక చివరిదాకా వచ్చింది.

"కొట్టాడమ్మా," అన్నాడు. "మూడుసార్లు కొట్టాడు. నేను విన్నాను."